ఎక్స్‌రే గది తలుపు నుంచి కల్పాక్కం దాకా: అణు భద్రతను తనిఖీ చేసేవారు ఎవరికి జవాబు చెబుతారు?

మొన్న జనవరిలో మా అమ్మను ఛాతీ ఎక్స్‌రే కోసం వడపళని దగ్గర ఒక స్కాన్ సెంటరుకు తీసుకువెళ్ళాను. చెన్నైలో ఇటువంటి చోట కూర్చుంటే సగం నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేటల మాటే చెవిన పడుతుంది. పొద్దున రైలెక్కి వచ్చి, డాక్టరుకు చూపించుకుని, చీకటి పడేలోగా తిరుగు రైలు అందుకునే కుటుంబాలవి. వరుస కదలకపోవడంతో గోడలు చదవడం మొదలుపెట్టాను. ఫీజుల పట్టికకూ, గర్భిణులు ముందుగా తెలియజేయాలన్న హెచ్చరికకూ నడుమ ఒక చెక్క ఫ్రేములో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) వారి రిజిస్ట్రేషన్ పత్రం ఉంది; దాని గడువు తీరి అప్పటికి నాలుగు నెలలైంది. లోపల యంత్రం పనిచేస్తున్నప్పుడు వెలగవలసిన తలుపు మీది ఎర్ర బల్బు, నేను కూర్చున్న నలభై నిమిషాల్లో ఒక్కసారైనా వెలగలేదు. అమ్మ తూలిపోతుంటే పట్టుకోవడానికి నన్ను లోపలికి పిలిచిన కుర్రవాడు, నేను అడిగిన తర్వాతే సీసపు ఏప్రన్ తీసి ఇచ్చాడు. అతను చొక్కాకు పెట్టుకోవలసిన రేడియేషన్ బ్యాడ్జి గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. పత్రం సంగతి అడిగితే, "అప్లై చేసినాం సార్, వస్తాది" అన్నాడు.

ఆ ఫ్రేములో పేరున్న అణుశక్తి నియంత్రణ మండలే, అక్కడికి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డునున్న కల్పాక్కం రియాక్టర్లకు అనుమతులిచ్చే సంస్థ కూడా. వీధి మొగలోని ఎక్స్‌రే యంత్రం, క్యాన్సర్ ఆసుపత్రిలోని రేడియేషన్ చికిత్సా యంత్రం, కర్మాగారాల్లో గొట్టాల అతుకులను పరీక్షించే రేడియోగ్రఫీ కెమెరా, ఖర్చు చేసేదానికన్నా ఎక్కువ ఇంధనాన్ని పుట్టించేలా కల్పాక్కంలో కట్టిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు, ఇవన్నీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అణు భద్రత అనగానే మన మనసు చెర్నోబిల్‌కో ఫుకుషిమాకో పరుగెత్తుతుంది గానీ, ఆ మాటకు రోజువారీ అర్థం ఇంతకన్నా చప్పగా, కాగితాలతో నిండి ఉంటుంది. అనుమతి ఎవరిస్తారు, ఇచ్చాక ఎవరు వచ్చి చూస్తారు, ఆ చూసేవారు ఎవరికి జవాబుదారులు? మొదటి రెండు ప్రశ్నలకు మన దేశంలో సమాధానాలు చాలావరకు స్పష్టంగానే ఉన్నాయి. మూడోది నలభై ఏళ్ళకు పైగా నలుగుతోంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. రియాక్టరును భద్రంగా నడిపే బాధ్యత నియంత్రణ మండలిది కాదు. ఆ బాధ్యత పూర్తిగా దాన్ని నడిపే సంస్థదే. బస్సు జాగ్రత్తగా నడపవలసింది డ్రైవరే తప్ప ఆర్టీవో కానట్టే. మండలి పని, నడిపేవారు తమ వాదనను ఆధారాలతో నిరూపించేదాకా ఒప్పుకోకుండా ఉండడం. ఇందుకోసం ఒక అణు విద్యుత్ కేంద్రం జీవితాన్ని దశలుగా విడగొట్టారు. స్థల ఎంపికకు ఒక అనుమతి, నిర్మాణానికి ఒకటి, పరీక్షలు చేస్తూ మెల్లగా ప్రారంభించడానికి మరొకటి, నడపడానికి ఇంకొకటి, చివరికి మూసివేసి విడదీయడానికి వేరొకటి కావాలి. ప్రతి మెట్టు దగ్గరా నడిపే సంస్థ తన విశ్లేషణ నివేదికను సమర్పించాలి. నిపుణుల సంఘాలు ప్రశ్నలు వేస్తాయి, జవాబులు వస్తాయి, ఆ జవాబుల మీద మళ్ళీ ప్రశ్నలు పుడతాయి. నడిపే లైసెన్సు గరిష్ఠంగా 5 ఏళ్ళకే ఇస్తారు. 10 ఏళ్ళకోసారి ఆ కేంద్రాన్ని నేటి ప్రమాణాలతో పోల్చి ఆమూలాగ్రం సమీక్షిస్తారు. కల్పాక్కం బ్రీడర్ రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైతే, అందులో ఇంధనం నింపడానికి మండలి అనుమతి 2024 జూలైలో గాని రాలేదు. ఆ ఇరవై ఏళ్ళ జాప్యానికి మండలి ఒక్కటే కారణమని ఎవరూ అనరు. ద్రవరూప సోడియంతో చల్లబరిచే యంత్రాన్ని కట్టడంలోని సాంకేతిక కష్టాలే అందులో ఎక్కువ పాలు.

అనుమతి పత్రాల వెనుక కొన్ని అంకెలు ఉంటాయి. రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. అణు కేంద్రంలోనో ఎక్స్‌రే గదిలోనో పనిచేసే వ్యక్తికి వరుసగా 5 ఏళ్ళ సగటు తీసుకుంటే ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. అంతర్జాతీయ సిఫారసుల ప్రకారం ఏ ఒక్క ఏడాదిలోనైనా 50 దాకా అనుమతించవచ్చు గానీ, మన మండలి ఆ గీతను 30 దగ్గరే గీసింది. ఆ పనితో సంబంధం లేని సామాన్య జనానికి పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. మట్టి నుంచి, రాళ్ళ నుంచి, ఆకాశం నుంచి సహజంగా మనందరికీ సోకే రేడియేషన్ ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు కాబట్టి, ఈ 1 అన్నది దాని పైన అదనంగా మనిషి చేతల వల్ల వచ్చే దానికి పెట్టిన హద్దు. ఒక ఛాతీ ఎక్స్‌రే ఇందులో చిన్న భిన్నం మాత్రమే. అమ్మను పట్టుకుని నిలబడిన ఒక్క క్షణానికి నేను కంగారు పడవలసిన పని లేదు. రోజుకు యాభై అరవై ఫిల్ములు తీస్తూ ఏళ్ళ తరబడి ఆ గదిలోనే ఉండే కుర్రవాడి లెక్క వేరు.

ఆ లెక్క తేల్చేది మేకుకు వేలాడుతున్న ఆ బ్యాడ్జే. మా వీధిలో కల్పాక్కంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, మేమంతా బాబాయిగారనే పిలుస్తాం. ఆయన సర్వీసు కబుర్లలో రియాక్టరు కన్నా బ్యాడ్జి గురించే ఎక్కువ ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు అరలో నుంచి తీసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు అదే అరలో పెట్టాలి, మరచిపోయి ఇంటికి పట్టుకుపోతే పెద్ద తంతు. దానిలోని స్ఫటిక పదార్థం తనకు తగిలిన రేడియేషన్‌ను దాచుకుంటుంది; ప్రయోగశాలలో వేడి చేస్తే ఆ మేరకు వెలుతురు విడుస్తుంది, దాన్ని కొలిచి మోతాదు లెక్కకడతారు. "అది మనిషి మీద ఉంటేనే అది చెప్పేది మన సంగతి, లేకపోతే గోడ సంగతి" అన్నారు బాబాయిగారు. యంత్రం ఉన్న గదిలో వదిలేసిన బ్యాడ్జి, మనిషికి తగలని మోతాదును చూపించి అనవసరమైన విచారణకు దారితీస్తుంది. సొరుగులో పెట్టేసిన బ్యాడ్జి, తగిలిన మోతాదును దాచేస్తుంది. ఎలా చూసినా కాగితం మీది అంకెకూ ఒంటికీ సంబంధం తెగిపోతుంది.

ఇక మండలి కల్పాక్కంలో ఏం చేస్తుందో ఒక సంఘటనలో చూడవచ్చు. 2004 డిసెంబర్ 26 ఉదయం సునామీ వచ్చినప్పుడు మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ మరమ్మతుల కోసం ముందే ఆగి ఉంది, రెండోది నడుస్తోంది. పంప్‌హౌస్‌లోకి సముద్రపు నీరు చొరబడి కండెన్సరుకు నీళ్ళు పంపే పంపులు ఆగిపోగా, రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు. బ్రీడర్ రియాక్టరు పునాది గొయ్యి నీటితో నిండిపోయింది. టౌన్‌షిప్‌లో మాత్రం ప్రాణనష్టం జరిగింది. అంటే ఆ రోజు కల్పాక్కంలో రియాక్టరు నిలిచింది, ఇళ్ళు నిలవలేదు. రెండో యూనిట్‌ను తిరిగి నడపాలంటే యాజమాన్యం తనంతట తాను నిర్ణయించుకోవడానికి వీల్లేదు. తనిఖీల తరువాత మండలి అనుమతి పొందాకే, జనవరి మొదటి వారంలో దాన్ని మళ్ళీ ప్రారంభించారు. ఇంతవరకు వ్యవస్థ పుస్తకంలో రాసినట్టే నడిచింది. ఫుకుషిమాకు ఆరేళ్ళ ముందే మన తీరంలో ఒక అణు కేంద్రం సునామీని చూసిందన్న సంగతి, చెన్నైలో ఉంటున్న మనలోనే చాలామందికి గుర్తులేదు.

చిక్కు వ్యవస్థ నడకలో కన్నా దాని వంశవృక్షంలో ఉంది. అణుశక్తి నియంత్రణ మండలిని 1983 నవంబర్ 15న, 1962 నాటి అణుశక్తి చట్టంలోని 27వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా ఏర్పాటు చేశారు. ఆ సెక్షన్ చెప్పేది ఒక్కటే, కేంద్ర ప్రభుత్వం తన అధికారాలను మరొకరికి అప్పగించవచ్చునని. అంటే 2025 దాకా మండలికి సొంత ఆస్తిగా అధికారాలు లేవు; ఉన్నవన్నీ అప్పగింతలే. ఉత్తర్వుతో పుట్టినదాన్ని ఉత్తర్వుతోనే మార్చవచ్చు. మండలి నివేదించుకునేది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ ఛైర్మన్, కేంద్ర అణుశక్తి విభాగం కార్యదర్శి ఒకరే. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలను కట్టి నడిపే ఎన్‌పీసీఐఎల్, కల్పాక్కం బ్రీడర్‌ను కట్టిన భావిని, రెండూ అదే విభాగం కిందివే. మండలి బడ్జెట్ కూడా ఆ విభాగం పద్దులోంచే వచ్చేది. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన చిన్న కొడుకును పిలిచి, "మీ అన్న వ్యాపారం లెక్కలు చూడు, తప్పుంటే నిర్మొహమాటంగా నాకు చెప్పు" అన్నట్టుండేది ఈ అమరిక. చిన్న కొడుకు నిజాయితీపరుడే కావచ్చు, చాలాసార్లు అయ్యాడు కూడా. అయినా అన్న వ్యాపారంతోనే ఇల్లు గడుస్తోందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ చిన్న కొడుకు నోరు విప్పిన సందర్భం ఒకటుంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైను రెక్కలు విరిగి, జనరేటరును చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి, పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మంటలు కేబుళ్ళ వెంట పాకడంతో కేంద్రానికి అన్ని రకాల విద్యుత్ సరఫరా దాదాపు 17 గంటల పాటు పోయింది. రియాక్టరు అప్పటికే ఆగినా, అది మళ్ళీ రాజుకోకుండా ఉండాలని కొందరు ఆపరేటర్లు చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని మెట్లెక్కి, చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదిలారు. రేడియేషన్ బయటికి రాలేదు. అదే ఏడాది మండలి ఛైర్మన్‌గా వచ్చిన డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్ అణుశక్తి విభాగం కింది సంస్థలలో దాదాపు 130 భద్రతా లోపాలను క్రోడీకరించి 1995లో ఒక పత్రం తయారు చేయించారు. 1996లో ఆయన పదవీకాలం ముగిసింది. ఆ పత్రాన్ని బయటపెట్టాలని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెక్కితే, 1962 చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం దాన్ని గోప్యంగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉందని 2004లో సుప్రీంకోర్టు సమర్థించింది. తనిఖీ చేసిన సంస్థ తన తనిఖీలో ఏం కనిపించిందో ప్రజలకు చెప్పాలా వద్దా అన్నది, తనిఖీకి గురైన విభాగం చేతిలో ఉండిపోయింది.

మరొక మలుపు 2000 సంవత్సరంలో వచ్చింది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాతి వాతావరణంలో, భాభా అణు పరిశోధన కేంద్రాన్ని, అంటే బార్క్‌ను, దాని కింది కర్మాగారాలను మండలి పరిధి నుంచి తప్పించి, బార్క్ సొంత భద్రతా మండలికి అప్పగించారు. దేశ రక్షణతో ముడిపడిన పనులు కాబట్టి అని కారణం చెప్పారు. కల్పాక్కంలో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఒకే ఆవరణలో విద్యుత్ కేంద్రం ఏఈఆర్‌బీ కిందికి వస్తే, వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేసే రీప్రాసెసింగ్ కర్మాగారం బార్క్ వారి అంతర్గత పర్యవేక్షణ కిందికి వెళ్ళింది. 2003 జనవరిలో ఆ కర్మాగారంలో ఒక వాల్వు పాడై, తక్కువ రేడియోధార్మికత ఉంటుందనుకున్న ట్యాంకులోకి తీవ్రమైన వ్యర్థ ద్రావణం చేరింది. ఆ సంగతి తెలియక నమూనా తీసే క్రమంలో ఆరుగురు ఉద్యోగులు పరిమితులకు మించిన మోతాదుకు గురయ్యారు. ఇది బయటి ప్రపంచానికి తెలియడానికి నెలలు పట్టింది. స్వతంత్ర మండలి ఉంటే ఆ వాల్వు పాడవకుండా ఉండేదని నేను అనను. ఆ ట్యాంకు దగ్గర రేడియేషన్ మీటరు ఎందుకు లేదన్న ప్రశ్నను, ప్రమాదానికి ముందే, ఆ కర్మాగారంతో ఏ సంబంధమూ లేని మనిషి ఒకరు అడిగి ఉండేవారు.

అణుశక్తి విభాగం వైపు వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అణు భౌతికశాస్త్రం, రియాక్టరు ఇంజనీరింగు లోతుగా తెలిసినవారు ఈ దేశంలో దాదాపు అందరూ అణుశక్తి విభాగంలో తయారైనవారే. వేరే దేశాలు ఇవ్వని పరిజ్ఞానాన్ని, 1974 అణు పరీక్ష తర్వాతి ఆంక్షల మధ్య, లోపలివారే గోడలు మూసుకుని సంపాదించారు. గుండె ఆపరేషన్‌ను అంచనా వేయాలంటే మరో గుండె డాక్టరే కావాలి కదా అన్నది వారి మాట. ఇప్పటికీ మండలి నిపుణుల సంఘాలలో విభాగం నుంచి రిటైరైనవారూ, బార్క్‌లో పనిచేస్తున్నవారూ, ఐఐటీల ఆచార్యులూ కలిసి కూర్చుంటారు. కల్పాక్కంలోనే మండలికి సొంతంగా ఒక భద్రతా పరిశోధన సంస్థ కూడా ఉంది, నిపుణుల కోసం ఎప్పుడూ పక్క గుమ్మం తొక్కకుండా ఉండాలని. ఈ వాదనలో నాకు నచ్చని భాగం ఒక్కటే. నిపుణుడు ఎక్కడ చదువుకున్నాడన్నది సమస్య కాదు. రేపు అతని పదోన్నతి, జీతం, పదవీకాలం ఎవరి సంతకంతో ముడిపడి ఉన్నాయన్నదే సమస్య.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1946 నుంచి ఒకే కమిషన్ అణుశక్తిని ప్రోత్సహించే పనీ, నియంత్రించే పనీ చూసేది. రెండూ ఒకే చేతిలో ఉండకూడదని 1974లో చట్టం చేసి, 1975 జనవరి నుంచి విడిగా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్‌ను పెట్టారు. జపాన్‌లో నియంత్రణ సంస్థ, అణు విద్యుత్తును ముందుకు తీసుకుపోయే పరిశ్రమల మంత్రిత్వ శాఖలోనే భాగంగా ఉండేది. 2011 ఫుకుషిమా తర్వాత అక్కడి పార్లమెంటు నియమించిన విచారణ సంఘం, నియంత్రించవలసినవారే కంపెనీల గుప్పిట్లోకి వెళ్ళిపోయారనీ, ఈ ప్రమాదం మనిషి చేతులారా తెచ్చుకున్నదేననీ 2012 జూలైలో తేల్చింది. ఆ సెప్టెంబరులోనే కొత్త సంస్థ ఏర్పడింది. ప్రోత్సహించేవారినీ నియంత్రించేవారినీ వేరుగా ఉంచాలని అణు భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం 8వ అధికరణం చెబుతుంది. భారత్ ఆ ఒప్పందాన్ని 2005లో ధ్రువీకరించింది. సంతకం చేశాక కూడా ఇంట్లో అమరిక ఇరవై ఏళ్ళు అలాగే ఉంది.

2012 ఆగస్టులో, ప్రభుత్వ పద్దులను తనిఖీ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు పత్రికలన్నీ రియాక్టర్ల గురించి రాశాయి గానీ, నన్ను ఆపేసిన అంకె వేరు. దేశంలో ఉన్నట్టు అంచనా వేసిన 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలలో మండలి దగ్గర నమోదై ఉన్నవి 5,270. అంటే అప్పట్లో నూటికి 91 కేంద్రాలు నియంత్రణ చూపుకే ఆనకుండా నడుస్తుండేవి. రియాక్టర్లు ఇరవై పైచిలుకు ఉంటాయి, వాటిని లెక్కపెట్టవచ్చు, వాటి గేటు దగ్గర సాయుధ బలగాలుంటాయి. ఎక్స్‌రే యంత్రం ఏ మెడికల్ షాపు వెనుక గదిలోనైనా ఉండవచ్చు. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టి ఈ భారాన్ని పంచుకోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న మాటే. కాగ్ చూసేనాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. ఇక నియమాలు ఉల్లంఘిస్తే అప్పట్లో వేయగలిగిన జరిమానా? 1962 చట్టం 30వ సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా 500 రూపాయలు. మా అమ్మ ఎక్స్‌రేకు నేను కట్టిన బిల్లుతో పోలిస్తే పెద్ద తేడా లేదు.

ఆ బలహీనతకు మూల్యం ఎలా ఉంటుందో అంతకు రెండేళ్ళ ముందే ఢిల్లీ చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ళుగా వాడకుండా పడి ఉన్న గామా పరికరాన్ని 2010లో పాత సామానుతో పాటు వేలం వేశారు. మాయాపురి ఇనుప సామాను బజారులో దాన్ని విప్పిన పనివాళ్ళ చేతికి తీవ్రమైన రేడియేషన్ వెలువరించే కోబాల్ట్-60 కడ్డీలు చిక్కాయి. ఒకరు మరణించారు, మరికొందరు ఆసుపత్రుల పాలయ్యారు. అణు విద్యుత్ కేంద్రాల చరిత్రలో మన దేశంలో రేడియేషన్ వల్ల ఇటువంటి మరణం నమోదు కాలేదు. ఇనుప సామాను కొట్టులో నమోదైంది.

కాగ్ తర్వాత కొంత మారింది. ఎక్స్‌రే యంత్రాల రిజిస్ట్రేషన్‌ను ఈలోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి తెచ్చారు, నమోదులు బాగా పెరిగాయి, చెన్నైతో సహా ప్రాంతీయ కేంద్రాలు పనిచేస్తున్నాయి. హోదా ప్రశ్న మాత్రం కదల్లేదు. 1997లోనే రాజా రామన్న కమిటీ మండలికి చట్టబద్ధమైన బలం చేకూర్చాలని చెప్పింది. ఫుకుషిమా ఒత్తిడిలో 2011 సెప్టెంబరులో లోక్‌సభలో అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు పెట్టారు. రక్షణ పేరుతో ప్రభుత్వం ఏ కేంద్రాన్నైనా దాని పరిధి నుంచి తప్పించవచ్చన్న వెసులుబాటు అందులో ఉంది. విమర్శలు వచ్చాయి, 2014లో లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. ఈలోగా కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2013 మే 6 తీర్పులో కోర్టు కేంద్రం ప్రారంభానికి అడ్డు చెప్పలేదు గానీ 15 ఆదేశాలిచ్చింది. ఏఈఆర్‌బీ, ఎన్‌పీసీఐఎల్, అణుశక్తి విభాగం తుది అనుమతి ఇచ్చేదాకా దాన్ని నడపరాదన్నది అందులో ఒకటి. పరీక్షాధికారినీ, పరీక్ష రాసిన విద్యార్థినీ, విద్యార్థి తండ్రినీ కలిపి ఒకే మార్కుల పత్రం మీద సంతకం పెట్టమన్నట్టు నాకు అనిపించింది. కోర్టును తప్పుపట్టలేం, అప్పటి చట్టంలో ఆ ముగ్గురూ ఒకే ఇంటివారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' అనే పేరున్న కొత్త అణుశక్తి చట్టంతో ఈ చరిత్ర కొత్త అధ్యాయంలోకి వచ్చింది. 1962 అణుశక్తి చట్టాన్నీ, 2010 అణు నష్టపరిహార చట్టాన్నీ రద్దు చేసి వాటి స్థానంలో ఇది వచ్చింది. ప్రైవేటు కంపెనీలు లైసెన్సు తీసుకుని అణు విద్యుత్ కేంద్రాలను కట్టి నడపవచ్చు. లోపభూయిష్టమైన పరికరాలు సరఫరా చేసిన కంపెనీ నుంచి పరిహారం రాబట్టుకునేందుకు పాత చట్టం నడిపే సంస్థకు ఇచ్చిన ప్రత్యేక హక్కు పోయింది. దీని మీద జరిగిన గొడవే పత్రికల్లో ఎక్కువ చోటు తీసుకుంది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం, ఏఈఆర్‌బీ మొదటిసారి ఒక చట్టంలో తన పేరుతో, తన అధికారాలతో కనిపించడం. జరిమానాలు 500 నుంచి గరిష్ఠంగా కోటి రూపాయల దాకా పెరిగాయి.

అయితే చట్టంలో పేరెక్కడంతో దూరం ఏర్పడిపోదు. మండలి సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వం. పేర్లు సిఫారసు చేసే ఎంపిక సంఘాన్ని ఏర్పాటు చేసేది అణుశక్తి కమిషనే. పెద్దాయన చిన్న కొడుకుకు విడిగా ఇల్లు రాసిచ్చాడు గానీ, ఆ ఇంటి తాళం చెవి ఇంకా పెద్దాయన మొలతాడుకే ఉంది. ప్రైవేటు కంపెనీలు వస్తే పరిస్థితి కొంత మెరుగుపడవచ్చన్న వాదన ఒకటి విన్నాను: బయటివాడి లెక్కలు చూడడంలో ఎవరికీ మొహమాటం ఉండదు కదా అని. సగం నిజమే. మిగతా సగం జపాన్ చెబుతుంది. అక్కడ రియాక్టర్లు ప్రైవేటు కంపెనీలవే, మొహమాటం మాత్రం రెట్టింపైంది. తనిఖీ అధికారి రిటైరయ్యాక ఏ కంపెనీలో చేరవచ్చు, ఎన్నేళ్ళ తర్వాత చేరవచ్చు అన్న ప్రశ్న ఇంతకాలం మనకు అవసరపడలేదు. ఇకపై పడుతుంది. తనిఖీ నివేదికలను పూర్తిగా ప్రచురించాలా, లేక సారాంశాలే ఇవ్వాలా అన్నది కూడా ఇప్పుడు రాసే నియమాల్లోనే తేలాలి. నన్నడిగితే, జరిమానా కోటి కావడం కన్నా, 1995 నాటి పత్రం వంటిది ఈసారి మరుసటి నెలలోనే మండలి వెబ్‌సైటులో కనిపించడం పెద్ద మార్పు.

చెన్నై తెలుగువాళ్ళు ఈ విషయంలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మనం కల్పాక్కం ప్రమాద వలయంలో ఉన్నామా అని. నగరం అందులో లేదు. రియాక్టరు చుట్టూ కనీసం 1 కిలోమీటరు వరకు ఎవరూ నివసించకూడదు. 5 కిలోమీటర్ల దాకా ఊళ్ళు సహజంగా పెరగవచ్చు గానీ కొత్త కాలనీలు, పరిశ్రమలు రాకుండా పాలనాపరంగా అదుపు చేయాలి. 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉండాలి. కేంద్రం ఆవరణ దాటిన తర్వాత ఆ ప్రణాళికను అమలు చేసేది జిల్లా యంత్రాంగం, అంటే నేడు చెంగల్పట్టు కలెక్టరు. భూమి వాడకాన్ని అదుపు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వం. మండలి ఆ వలయాలను గీయగలదు, వాటిలో లేఅవుట్లు వేయకుండా ఆపే అధికారం దానికి లేదు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు ప్లాట్ల ప్రకటనలు రోజూ తిరుగుతుంటాయి. బీచికి ఎన్ని నిమిషాలో, ఎయిర్‌పోర్టుకు ఎంత దూరమో ఉంటుంది. కల్పాక్కంకు ఎన్ని కిలోమీటర్లో రాసిన ప్రకటన నేనింతవరకు చూడలేదు.

మూడు వారాల తర్వాత డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే తీయించమంటే అమ్మను అదే సెంటరుకు తీసుకువెళ్ళాను. ఫ్రేములో కొత్త పత్రం ఉంది, అయిదేళ్ళ గడువుతో. తలుపు మీద బల్బు మార్చారు, ప్రతి ఫిల్ముకూ ఎర్రగా వెలిగి ఆరుతోంది. కుర్రవాడు నేను అడగకముందే ఏప్రన్ అందించాడు. అమ్మను నిలబెట్టి పక్కకు తిరిగేసరికి అతని చొక్కా జేబు కనిపించింది, ఖాళీగా. బ్యాడ్జి ఇంకా ఆ మేకుకే ఉంది.